స్వామి ఎటు వంగాడు

బజార్లో ఎవరినైనా అతని అసలు పేరు అడిగి చూడండి, బుర్ర గోక్కుంటారు. ఎందుకయ్య అంటే మాత్రం చంటిపిల్లాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. కొండమీది గుడికి మెట్లు మొదలయ్యే చోట, పూలకొట్టుకీ తాళాలు బాగుచేసే అతని బల్లకీ మధ్య ఇరుక్కున్న దర్జీ కొట్టు అతనిది. కాస్త ఒళ్లున్న మనిషైతే పక్కకి తిరిగి లోపలికి దూరాలి. లోపల ఒక కుట్టుమిషను, కత్తిరింపు బల్ల, మేకులకి వేలాడే సగం కుట్టిన బట్టలు, బల్ల కింద గుడ్డముక్కలు కుక్కిన గోనెసంచి.

ఎందుకయ్య అన్న పేరు ఊరికే రాలేదు. చెయ్యి కాస్త పొడుగు పెట్టవయ్యా అంటే "ఎందుకు" అంటాడు. జేబు వద్దంటే "ఎందుకొద్దు" అంటాడు. మగవాళ్ల చొక్కాలకి గుండీలు ఒకవైపు, ఆడవాళ్ల చొక్కాలకి ఇంకోవైపు ఎందుకుంటాయో ఎవరైనా చెప్పేదాకా మిషను తొక్కనని ఒకసారి భీష్మించుకు కూర్చున్నాడు. బట్టలిచ్చినవాళ్లు ఊరుకుంటారా, తిట్టిపోశారు. తిట్టినవాళ్లే మళ్లీ గుడ్డ పట్టుకుని వచ్చారు. అతను వేసిన కుట్టు బట్ట చిరిగినా ఊడదు మరి.

అతని ప్రశ్నలకి మందు అతని భార్య. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతూ, అతను ఎందుకు అనడం ఆలస్యం, ఏదో ఒక జవాబు చేతిలో పెట్టేది. నిజమో అబద్ధమో ఆ దేవుడికెరుక. "ఏదో ఒకటి చెప్పకపోతే ఈయనకి అన్నం సయించదు, నాకేం పోయింది" అనేది పక్క కొట్టువాళ్లతో. ఆమె పిలిస్తే సగం మెట్లు ఎక్కినవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూసేవాళ్లు. చెప్పులు ఎక్కడ విడవాలో, తిరుగు బస్సు ఎప్పుడో, ఎండలో ఎక్కడ ఆగి ఎక్కాలో అన్నీ ఆ స్టూలు మీంచే కేకేసి చెప్పేది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ గొంతు వినకుండా ఎందుకయ్య ఒక్క పూట కూడా గడపలేదు.

ఆ గుడి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీరూ ఎందుకయ్యలా నన్ను పట్టుకుంటారు.

కొండమీద స్వామి ఎడమ భుజం కిందికి వాల్చి, తల కాస్త ఒరగేసి నిలబడి ఉంటాడు. రాతి విగ్రహం వాలడమేమిటంటే, దానికో కథ ఉంది. గుడి కట్టే రోజుల్లో కింది నుంచి పైకి రాళ్లు మోసిన ఆడమనిషి ఒకతి ఉండేదట. స్వామిని నిలబెట్టిన రోజున పెద్దలంతా వరసగా వెళ్లి ఎవరి కోరిక వాళ్లు చెప్పుకున్నారు. ఆఖరి రాయి దింపి ఈమె వచ్చేసరికి తలుపులు మూసే వేళయింది. ఎక్కిన ఆయాసానికి గొంతు పెగల్లేదు. పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. వెనకవాళ్లు తోస్తున్నారు, కానీ కానీ అంటున్నారు. అప్పుడు స్వామి భుజం వంచి, చెవి ఆమె నోటి దగ్గర పెట్టి విన్నాడట. విన్నాక మళ్లీ నిటారుగా లేవలేదు. రేపు ఇంకెవరైనా గొంతు రానివాళ్లు వస్తే ఎలాగని అలాగే ఉండిపోయాడంటారు.

ఆ చెవి కోసమే ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. గర్భగుడికి రెండు పక్కలా రెండు చిన్న కిటికీలున్నాయి. స్వామి ఎడమచేతి వైపు కిటికీ దగ్గర వరస కట్టి, ఒక్కొక్కరే మొహం ఆనించి, గుసగుసగా ఒక్క మాట చెప్పి వెళ్లిపోతారు. రెండో మాట చెప్పకూడదు. కుడివైపు కిటికీ దగ్గర ఎవరూ ఉండరు. దాని అరుగు మీద పిచ్చుకలు కాపురం పెట్టాయి.

ఆ కథలో అందరికీ స్వామి కనిపిస్తాడు, ఎందుకయ్యకి మాత్రం ఆమె కనిపించేది. ఆమె ఏం చెప్పింది? అంత బరువు మోసి, అంత ఆలస్యంగా వచ్చి, ఉన్న ఒక్క మాటా దేనికి ఖర్చుపెట్టింది? యాత్రికుల్ని అడిగేవాడు. అన్నం అడిగుంటుందని ఒకరు, పిల్లల్ని అడిగుంటుందని ఒకరు, మోక్షమని ఇంకొకరు. ఎవరికి ఏది కావాలో అదే ఆమెతో అడిగించేవాళ్లు. పూజారిగారిని అడిగితే, "స్వామి చెవిలో పడ్డ మాట నీ చెవిలో ఎలా పడుతుందయ్యా" అనేవాడు. భార్యనే అడిగితే, ఆ ఒక్క ప్రశ్నకి ఆవిడ కూడా నవ్వి ఊరుకునేది.

స్వామికి అంగీ కుట్టే పని ఆ కొట్టుదే. తరాలుగా వస్తోంది. ఎందుకయ్య చిన్నతనంలో పని నేర్చుకోవడానికి ఆ ఇంట్లో అడుగుపెట్టి, పనితోపాటు గురువుగారి కూతుర్నీ దక్కించుకుని అక్కడే ఉండిపోయాడు. మామగారు ఇప్పుడు చూపు ఆనక వెనకగదిలో మంచం పట్టారు గానీ, చెవులు మాత్రం కత్తెర చప్పుడు మీదే ఉంటాయి. స్వామి ఒంటిని ఎవరూ చూడకూడదు, పూజారి తప్ప ఎవరూ ముట్టకూడదు. కాబట్టి కొలతలు తీసుకునే మాటే లేదు. ఇంట్లో ఒక అచ్చుగుడ్డ ఉంది. గంజి పెట్టిన మందపాటి గుడ్డ, అంగీ ఆకారంలో కత్తిరించి ఉంటుంది, ఒక భుజం దిగువగా. దాన్ని పట్టుగుడ్డ మీద పరిచి, సుద్దతో చుట్టూ గీసి, గీత వెంట కత్తిరించాలి. అచ్చుగుడ్డకి ఒకవైపు ఎర్రదారంతో ఒక కుట్టు ఉంటుంది. కత్తిరించేటప్పుడు ఆ ఎర్రదారం పైకి కనపడాలి. కిందికి పెడితే ఎడమ భుజం వాలు కుడి భుజానికి పోతుంది. ఇంట్లో అడుగుపెట్టిన మొదటిరోజే మామగారు నేర్పిన పాఠం అది.

ఇలా ఉండగా ఎందుకయ్య భార్య గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు, మిరియాల పాలనుకున్నారు, అరవడం తగ్గించమన్నారు. తగ్గించాక ఇంకా బొంగురుపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ సన్నటి గొట్టం పెట్టి చూసింది.

"గొంతు పెట్టెలో గడ్డ ఉంది. తీయక తప్పదు. ప్రాణానికి భయం లేదు గానీ, మాట మిగులుతుందో లేదో తీశాకే తెలుస్తుంది" అంది.

"ఎందుకొచ్చింది?" అన్నాడు ఎందుకయ్య.

"కొన్నిటికి ఎందుకో మాకూ తెలియదండీ" అంది ఆవిడ, విసుక్కోకుండా.

ఎందుకయ్య ఆ రోజే మెట్లెక్కి, ఎడమ కిటికీ దగ్గర వరసలో నిలబడి, స్వామికి ఒక్క మాట చెప్పాడు. దాని గొంతు దానికి ఉంచు అన్నాడు. ఎప్పుడూ ఏమీ అడగని మనిషి, మొదటిసారి అడిగాడు. స్వామి భుజం అంత దగ్గరగా వాలి ఉంటే వినకుండా ఎలా ఉంటాడని ధైర్యం తెచ్చుకుని దిగాడు.

వారం తిరిగాక, భార్యని ఆసుపత్రిలో చేర్చిన రోజే గుడి నుంచి కొత్త పట్టు వచ్చింది. మర్నాటి ఉదయానికి అంగీ కావాలి. ఆసుపత్రికీ కొట్టుకీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరుగుతూనే సాయంత్రానికి కుట్టి, పూజారిగారి మనిషికి ఇచ్చేశాడు. చేతులు కుట్టాయి గానీ మనసు ఆసుపత్రి మంచం దగ్గరే ఉంది.

పొద్దున్నే ఆసుపత్రికి బయల్దేరుతూ బల్ల సర్దుదామని చూశాడు. అచ్చుగుడ్డ నిన్న పరిచినట్టే బల్ల మీద ఉంది. ఎర్రదారం కనపడలేదు. చెయ్యి పెట్టి తిరగేశాడు. ఎర్రదారం కింద ఉంది.

పట్టుకి ముందువైపు జరీ ఉంది, తిరగేసి వేయడానికి లేదు. ఎడమ భుజం వాల్చిన స్వామికి కుడి భుజం వాలు అంగీ వేస్తే ఒకవైపు బిగిసి, ఒకవైపు వేలాడి, చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. తరాల నుంచి వస్తున్న పని తన చేతిలో మట్టిగొట్టుకుపోయింది. కొట్టు తలుపు కూడా వేయకుండా మెట్లెక్కాడు.

పైకి వచ్చేసరికి స్వామి కొత్త అంగీ వేసుకుని ఉన్నాడు.

ఎందుకయ్య స్తంభానికి ఆనుకుని, రొప్పుతూ, దర్జీ కంటితో చూశాడు. ముడత లేదు. బిగువు లేదు. మెడ దగ్గర గుడ్డ నీళ్లలా దిగింది. ఒంటికి కొలిచి కుట్టినట్టుంది. స్వామి కుడి భుజం వాల్చి, తల కుడివైపు ఒరగేసి నిలబడి ఉన్నాడు.

జనం కుడి కిటికీ దగ్గర వరస కట్టి ఉన్నారు. ఎవరూ వాళ్లకి చెప్పలేదు. వచ్చారు, స్వామి ఎటు వంగి కనపడ్డాడో అటు వెళ్లి నిలబడ్డారు. పాపం పిచ్చుకలు కట్టుబట్టలతో చూరు మీదికి మారాయి. ఒక ముసలావిడ కిటికీకి మొహం ఆనించి ఏదో చెప్పుకుని, కళ్లు తుడుచుకుంటూ, భారం దిగినట్టు వెళ్లిపోయింది.

ఎందుకయ్య ఏడవలేదు గానీ ఏడిస్తే బాగుండుననిపించింది. వంగింది స్వామి కాదన్నమాట, అంగీ. ఇన్నేళ్లూ తన మామగారు, ఆయన వెనకవాళ్లు, తను, అందరూ కలిసి ఒక నిటారు రాతికి భుజం కుట్టిపెట్టారన్నమాట. మరి వారం కిందట తను చెప్పుకున్న మాట ఎవరి చెవిలో పడింది? ఆ మాట మీద భరోసా పెట్టుకునే కదా భార్యని ఆ మంచం మీద పడుకోబెట్టి వచ్చాడు.

పూజారిగారు బయటికి వస్తే పక్కకి పిలిచాడు. "పూజారిగారూ, అంగీ వేసేటప్పుడు కింద ఏమైనా సర్దుతారా? మెత్త గానీ గుడ్డ గానీ?"

"ఏమీ పెట్టను. పెట్టకూడదు."

"మరి నిజంగా స్వామి భుజాలు ఎలా ఉంటాయి?"

"కళ్లు మూసుకుని వేస్తానయ్యా. మా నాన్న అలాగే నేర్పాడు."

"కళ్లు మూసుకున్నా చేతికి తెలుస్తుంది కదా."

"తెలుస్తుంది" అన్నాడు పూజారిగారు. "చెప్పను."

ఎందుకయ్య ఏ కిటికీ దగ్గరికీ వెళ్లకుండా దిగి వచ్చేశాడు. నేరుగా వెనకగదికి వెళ్లి, మామగారి మంచం దగ్గర కూలబడ్డాడు.

"మామయ్యా, ఎర్రదారం కిందికి పెట్టాను."

మామగారు తిడతారనుకున్నాడు. ఆ పెద్దాయన బోసినోటితో నవ్వాడు. "ఇన్నేళ్లు పట్టిందా అల్లుడూ నీకు. నేనింకా ముందే పెట్టాను. మీ అత్తయ్య చనిపోయిన వారంలోనే, నువ్వింకా మన గడప తొక్కకముందు."

"మీరూనా?"

"ఈ ఇంట్లో అందరూ ఒకసారి పెడతారు, మనసు ఇంకెక్కడో ఉన్న రోజున. అప్పుడే చెప్పాలి ఈ సంగతి. ముందే చెబితే చెవికెక్కదు." ఆయన గోడకి జారగిలబడ్డాడు. "ఆ రాళ్లు మోసిన ఆవిడుంది చూడు, ఆవిడ మన ఇంటి మనిషి. పగలు రాళ్లు మోసి, మిగతా వేళల్లో బట్టలు కుట్టేది. స్వామికి మొదటి అంగీ తనే కుట్టాలని ఆశపడింది. కొలతలకి లోపలికి రానివ్వలేదు. ఏం చేస్తుంది, తన మీదే కొలుచుకుంది. రాళ్లు మోసీ మోసీ ఆవిడ ఎడమ భుజం పడిపోయిందన్న సంగతి ఆవిడకే తెలియదు. ఆ వంకర కొలతతోనే కుట్టి పట్టుకెళ్లింది."

ఎందుకయ్య తలుపులోంచి కొట్టులో బల్ల మీదున్న అచ్చుగుడ్డ వైపు చూశాడు.

"ఆ అచ్చుగుడ్డ స్వామి కొలత కాదు అల్లుడూ. ఆవిడ కొలత."

"అయితే స్వామి వంగలేదన్నమాట."

"నువ్వు దర్జీవా, కాదా? వాలు పెట్టి కుట్టిన అంగీ నిటారు మనిషికి వేస్తే ఏమవుతుంది?"

"భుజం దగ్గర ముడత పడుతుంది. మెడ పక్కకి లాగేస్తుంది."

"పడిందా ఇవాళ?"

"పడలేదు" అన్నాడు ఎందుకయ్య, నెమ్మదిగా.

"నేను తిరగేసి కుట్టిన రోజునా పడలేదు. ఎందుకని నన్నడక్కు. నాకూ తెలియదు. నువ్వు చెప్పుకున్న మాట మాత్రం ఎటూ పోలేదనుకుంటాను. ఇక ఆసుపత్రికి వెళ్లు, పిల్ల ఎదురుచూస్తుంటుంది."

"ఆవిడ స్వామికి ఏం చెప్పిందో కూడా మన ఇంట్లో..."

"అదొక్కటీ లేదు" అన్నాడు మామగారు.

ఎందుకయ్య వెళ్లేసరికి భార్యకి ఆసుపత్రి గౌను తొడిగి ఉంది. లోపలికి తీసుకెళ్లడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. గౌను భుజాల దగ్గర కుట్టు వంకరగా ఉందని అంత బాధలోనూ అతని కంట పడింది.

"ఇంత ఆలస్యమేమిటండీ" అంది బొంగురుగొంతుతో. "గుడికి వెళ్లారా? నా సంగతి మళ్లీ చెప్పారా?"

"వెళ్లాను. చెప్పలేదు."

"ఎందుకు?" అంది.

తమ ఇంట్లో ఎప్పుడూ తను అడిగే మాట ఆమె నోట వినేసరికి అతనికి దుఃఖం ఆగలేదు. ఎర్రదారం దగ్గర్నుంచి మామగారి కథ దాకా అంతా ఏకరువు పెట్టాడు. ఆమె మధ్యలో అడ్డురాకుండా వింది. జీవితంలో ఆమె అలా విన్నది అదే మొదటిసారి. పిచ్చుకల సంగతికి నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది.

"ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలిసిపోయిందండీ" అంది దగ్గు తగ్గాక.

"నీకా? ఏం చెప్పింది?"

ఆమె చెప్పబోయింది. అంతలో నర్సు వచ్చి మంచం చక్రాల కొక్కెం తీసింది. మంచం కదిలింది.

"బయటికొచ్చాక చెబుతాను" అంది ఆమె. "ఈ ఒక్కటైనా దాచుకోనివ్వండి. వచ్చి చెప్పడానికి నాకూ ఓ పనుండాలి."

తలుపులు మూసుకున్నాయి. ఎందుకయ్య బల్ల మీద కూర్చుని చేతులు కట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ కట్టుకున్నాడు. ఇప్పుడు ఆ గొంతు పోతే భార్య మాటతోపాటు, జన్మంతా వెతుక్కున్న జవాబూ పోతుంది. ఆ జవాబు పోయినా ఫరవాలేదు, గొంతు ఉంటే చాలునని అతనికి అనిపించింది. అలా అనిపించినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది, ఏ ప్రశ్ననీ వదులుకోని మనిషి కదా.

డాక్టరమ్మ వచ్చి గడ్డ పూర్తిగా తీసేశామని, ప్రమాదం లేని గడ్డేనని, ఇక తిరగబెట్టదని చెప్పింది. మాట సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేమంది ఆవిడ. గాయం మానేదాకా ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదంది.

ఇంటికి తీసుకొచ్చాడు. స్టూలు మీద ఆమె కూర్చుంది గానీ కొట్టు మూగబోయింది. యాత్రికులు దారి తెలియక తాళాల అతన్ని అడిగి, అతను తప్పు చెబితే తప్పు బస్సెక్కారు. పూల కొట్టావిడ వచ్చి నాలుగు మాటలు చెప్పి, జవాబు రాక, కళ్లు ఒత్తుకుని వెళ్లిపోయింది. ఎందుకయ్య ఎందుకని అడగడమే మానేశాడు. చెయ్యి పొడుగు పెట్టమంటే పొడుగు పెట్టాడు, జేబు వద్దంటే మానేశాడు. దాంతో జనానికి కంగారు పుట్టింది.

పరీక్ష చేసి, ఇక మాట్లాడి చూడమని డాక్టరమ్మ చెప్పిన రోజున, ఆమె కొట్టులోనే నోరు తెరిచింది. పిలుద్దామనుకుంది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. దూదిని నలిపినంత చప్పుడు వచ్చింది. అడుగు దూరంలో మిషను తొక్కుతున్న అతనికి అది కూడా వినపడలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి వెళ్లి అతని చొక్కా చెయ్యి పట్టి లాగింది.

ఎందుకయ్య మిషను ఆపి, తలెత్తి చూశాడు. లేచి నిలబడ్డాడు. ఆమె అతని భుజం దాకానే వస్తుంది. ఎడమ భుజం కిందికి వాల్చి, తల ఒరగేసి, చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

ఆమె చెప్పింది. చాలా చిన్న మాటే అయి ఉండాలి, ఎంతోసేపు పట్టలేదు. విన్నాక అతను వెంటనే లేవలేదు. మేకుకి వేలాడుతున్న సగం కుట్టిన చొక్కాని చూస్తూ, అలా వంగే ఉండిపోయాడు.

ఆమె గొంతు ఆ తర్వాత మరి పెరగలేదు. కొట్టు ముందు ఒక గంట కట్టాడు. ఆమె దాన్ని మోగిస్తే యాత్రికులు వచ్చి ఆమె వేలు చూపిన వైపు వెళతారు. మిగతాదంతా అతని చెవిలోనే. రోజంతా స్టూలు వైపు వంగీ వంగీ అతని చొక్కాలు ఎడమవైపు ముడత పడటం మొదలుపెట్టాయి. దాంతో తన చొక్కాలకి ఆ భుజం కాస్త దిగువగా కత్తిరించుకోసాగాడు. ఒకరోజు మామగారు మంచం మీంచి చెయ్యి చాచి అతని భుజం తడిమి చూశాడు. "ఇంక నీకు అచ్చుగుడ్డ ఎందుకు అల్లుడూ" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన పట్టుని ఎందుకయ్య తన మీదే కొలుచుకుని కుట్టాడు. ముడత పడలేదు.

పిచ్చుకలు కుడి కిటికీకి తిరిగొచ్చాయి.

మొన్నొక యాత్రికురాలు చిరిగిన సంచి కుట్టించుకుంటూ కథంతా విని, అందరూ అడిగే మాటే అడిగింది. "ఇంతకీ ఆవిడ స్వామి చెవిలో ఏం చెప్పిందంటారు?"

ఎందుకయ్య భార్య వైపు చూశాడు. ఆమె అతని చొక్కా చెయ్యి పట్టి లాగి, చెవిలో ఏదో అంది. అతను వంగి విని, నవ్వుకుంటూ సంచి చేతికిచ్చాడు.

"చెప్పొద్దంటోందమ్మా" అన్నాడు.